శివారు స్టేషన్ దగ్గర అద్దెకివ్వడానికి మొదటి ఇల్లు: ఎలా మొదలుపెట్టాలి?

మొదటితాళం:
అందరికీ నమస్కారం. ఉండటానికి సొంతిల్లు ఉంది, రెండోది అద్దెకివ్వడానికే కొందామని ఆలోచన. సిటీలో ధరలు మనకి అందేలా లేవు. అందుకే రోజూ రైల్లో సిటీకి వెళ్ళొచ్చే ఉద్యోగస్తులు ఎక్కువగా ఉండే శివారు వైపు చూస్తున్నాను. ధరలో పావు వంతు చేతిలో ఉంది, మిగతాది లోన్.

రెండు కనబడ్డాయి. ఒకటి స్టేషన్‌కి నడిచి వెళ్ళే దూరంలో, పాత బిల్డింగులో ఒక్క పడగ్గది ఉన్న చిన్న ఫ్లాటు. రెండోది కొత్త కాలనీలో రెండు పడగ్గదుల ఇల్లు, కానీ స్టేషన్‌కి వెళ్ళాలంటే బండి ఉండాల్సిందే. ధర రెండింటికీ దాదాపు ఒకటే. కొత్త ఇల్లు చూపించిన బ్రోకరు "ఈ పక్కనుంచే కొత్త లైను వస్తోంది సార్, అప్పుడు చూడండి" అంటున్నాడు. మా ఇంట్లో వాళ్ళకీ అదే నచ్చింది. వచ్చే అద్దెతో ఈఎంఐ వెళ్ళిపోతే చాలు అనుకుంటున్నాను. తెలిసినవాళ్ళు చెప్పండి.

పైసాలెక్క:
చివరి వాక్యం దగ్గరే ఆగిపోయాను. అద్దెతో ఈఎంఐ వెళ్ళిపోదు బ్రదర్, చాలా చోట్ల వెళ్ళదు. ఒకసారి లెక్క వేద్దాం. కరెన్సీ ఏదైనా ఫరవాలేదు, ఇంటి ధర 100 అనుకోండి.

రిజిస్ట్రేషన్, పన్నులు, ఇతర కొనుగోలు ఖర్చులు 6 అనుకుందాం. మీ చేతి నుంచి 25 ప్లస్ 6, మొత్తం 31. లోన్ 75, వడ్డీ 8 శాతం, గడువు 20 ఏళ్ళు. ఏడాదికి కట్టే ఈఎంఐలన్నీ కలిపితే 7.53. ఇప్పుడు అద్దె. ధర మీద ఏడాదికి 5 శాతం వస్తుందనుకుందాం, అంటే 5. అందులో ఏడాదికి ఒక నెల ఖాళీ అనుకుంటే 0.42 పోయింది. మెయింటెనెన్స్, ఆస్తి పన్ను, ఇన్సూరెన్స్, చిన్నాచితకా రిపేర్లకు 1 తీసేయండి. చేతికొచ్చేది సుమారు 3.6. కట్టేది 7.53. అంటే ఈఎంఐలో సగానికి పైగా ప్రతి నెలా మీ జీతంలోంచి వెళ్తుంది.

అద్దె, ఈఎంఐ సరిసమానం కావాలంటే ఈ లెక్కలో లోన్ 36 మించకూడదు. మీరు పావు వంతు పెడతానంటున్నారు, కావాల్సింది మూడింట రెండు వంతులకు దగ్గర.

మొదటితాళం:
అమ్మో. కానీ ఈఎంఐలో కొంత అసలు కూడా తీరుతుంది కదా మాస్టారూ? అది నా డబ్బే కదా?

పైసాలెక్క:
మంచి ప్రశ్న. అవును, తీరుతుంది. మొదటి ఏడాది 7.53లో అసలు కింద పోయేది 1.58 మాత్రమే, మిగతా 5.95 దాకా వడ్డీ. కాబట్టి మీ జేబులోంచి వెళ్ళే 3.93లో 1.58 పొదుపు, 2.35 నిఖార్సైన ఖర్చు. దానికి తోడు మీరు పెట్టిన 31 ఇంకెక్కడైనా 6 శాతానికి పెడితే 1.86 వచ్చేది. రెండూ కలిపితే 4.2. అంటే ఇంటి ధర ఏటా 4.2 శాతం పెరిగితే మీకు లాభం లేదు, నష్టం లేదు అన్నమాట. లాభం మొదలయ్యేది ఆ పైన. అమ్మేటప్పుడు కట్టే పన్ను, బ్రోకరు కమీషను ఇందులో లేవు.

నా అంకెలు తీసేసి మీవి పెట్టుకోండి. బ్రోకరు చెప్పిన అద్దె మాత్రం పెట్టకండి. అదే బిల్డింగులో, అదే వీధిలో ప్రస్తుతం అద్దెకుంటున్నవాళ్ళు కడుతున్నది అడిగి రాసుకోండి. ప్రకటనల్లో కనబడేది ఓనరు ఆశ, ఒప్పందం మీద ఉండేది అసలు అద్దె.

ఎకరంకల:
ఇలా లెక్కలేసుకుంటూ కూర్చుంటే ఎవడూ ఏదీ కొనడు. 4 శాతం పెద్ద విషయమా? శివారులో కొన్నవాళ్ళంతా బాగుపడ్డారు. అద్దె అనేది మధ్యలో వచ్చే చిల్లర. భూమి పెరుగుతుంది, అంతే. ఇల్లు పాతబడుతుంది, భూమి పాతబడదు. ఫ్లాటు జోలికి పోకుండా కొత్త కాలనీలో ఇల్లు తీసుకో తమ్ముడూ.

పైసాలెక్క:
అన్నా, భూమి పెరగదని నేననలేదు. పెరుగుతుందని నమ్మి కొంటే అది ధర మీద పందెం. అద్దె ఆదాయం కోసం కొన్నానని మనసుకి చెప్పుకుని, నెలనెలా చేతిచమురు వదిలించుకుంటే ఇబ్బంది. పందెం వేసేవాడికి ఓపిక పట్టే స్తోమత ఉండాలి. వడ్డీ 8 నుంచి 9 అయిందనుకోండి. బ్యాంకు ఈఎంఐ పెంచకుండా గడువు పెంచితే, పైన చెప్పిన 20 ఏళ్ళ లోన్ 25 ఏళ్ళు దాటుతుంది. ఒక్క శాతానికే. ఉద్యోగం మారే మధ్యలో అలాంటిది వస్తే, మంచి భూమి కూడా తప్పుడు టైములో అమ్ముకోవాల్సి వస్తుంది.

ఇంకో మాట. బాగుపడ్డవాళ్ళే ఆ కథ చెప్తారు. అమ్ముడుపోక కూర్చున్నవాళ్ళు ఫంక్షన్లలో దాని ఊసెత్తరు.

రైలుపాసు:
నేను ఓనర్ని కాదు, అద్దెకుండేవాణ్ణి. రోజూ ఇలాంటి శివారు నుంచే సిటీకి వెళ్ళొస్తాను. మా వైపు నుంచి ఒకటి చెప్పనా? మేం ఇల్లు చూసేటప్పుడు గదుల కంటే ముందు చూసేది టైము. ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గుమ్మం దాకా. బ్రోకర్లు చెప్పే "సిటీకి 35 నిమిషాలు" అనేది రైలు కదిలినప్పటి నుంచి ఆగేదాకా. మెట్లు ఎక్కి దిగడం, బండి పార్కింగులో చోటు వెతకడం, రద్దీలో ఒక రైలు వదిలేయడం, అటు దిగాక మళ్ళీ బస్సు, ఇవన్నీ మా కాళ్ళకే తెలుసు.

స్టేషన్‌కి దగ్గర అంటే కూడా మ్యాపులో గీత గీసి చూడకండి. మా దగ్గర ఒక కాలనీ పట్టాలకి ఆనుకునే ఉంటుంది, కానీ స్టేషన్ గేటు అవతలి వైపు. ఫుట్‌బ్రిడ్జి కోసం అంతా చుట్టి రావాలి. అక్కడి ఇళ్ళు ఖాళీ అయితే త్వరగా నిండవు.

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. ఆ స్టేషన్‌లో ఫాస్ట్ రైళ్ళు ఆగుతాయా, లేక పాసింజర్లేనా? పొద్దున కొన్ని రైళ్ళు అక్కడి నుంచే బయల్దేరతాయా? బయల్దేరితే సీటు దొరుకుతుంది. సీటు కోసం ఒక స్టేషన్ అవతలికి మారినవాళ్ళు నాకు తెలుసు. రాత్రి ఆఖరి రైలు ఎన్నింటికి? షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకి అదే ముఖ్యం. ఆడపిల్లలు ఇల్లు చూడ్డానికి వస్తే, స్టేషన్ నుంచి వచ్చే దారిలో వీధి దీపాలు వెలుగుతున్నాయా లేదా చూసుకుంటారు, మీ వంటింట్లో గ్రానైటు కాదు.

లాంతరు:
రైలుపాసు గారు చెప్పిన దానికి పుస్తకాల్లోనూ ఆధారం ఉంది. మనుషులు ప్రయాణానికి రోజుకి మొత్తం మీద గంట అటూఇటూగానే కేటాయిస్తారని, బండి వేగం పెరిగితే ఆ గంటలోనే ఇంకా దూరం వెళ్ళి ఉంటారని ఇటలీ భౌతిక శాస్త్రవేత్త చెసారే మార్కెట్టి 1994లో రాశాడు. యాకోవ్ జహావి అనే రవాణా పరిశోధకుడు అంతకుముందే చేసిన పని మీద ఆధారపడి చెప్పిన మాట అది. అందరికీ కచ్చితంగా వర్తిస్తుందని కాదు. కానీ ఒక్కో వైపు గంటన్నర పట్టే చోట అద్దె ఎందుకు తక్కువుంటుందో, జనం ఎందుకు నిలవరో దీన్నిబట్టి అర్థమవుతుంది. విలియమ్ అలోన్సో అనే నగర ఆర్థికవేత్త 1964లో సిటీ నడిబొడ్డు నుంచి దూరం జరిగేకొద్దీ స్థలానికి జనం ఇవ్వడానికి ఒప్పుకునే రేటు ఎలా తగ్గుతుందో సిద్ధాంతంగా రాశాడు. అద్దెలో తగ్గింది ప్రయాణంలో కడతారు, అదీ సారాంశం.

కొత్త లైను సంగతికొస్తాను. రైలు పేరుతో ఇళ్ళు అమ్మడం ఇవాళ్టిది కాదు. జపాన్‌లో ఇచిజో కోబయాషి 1910లో ఒసాకా దగ్గర రైలు లైను మొదలుపెట్టి, ఇకెడాలో ఆ లైను పక్కనే ఇళ్ళు కట్టి వాయిదాల మీద అమ్మాడు. లండన్‌లో మెట్రోపాలిటన్ రైల్వే 1915 నుంచి తన లైను వెంబడి ప్రాంతానికి మెట్రో-ల్యాండ్ అని పేరు పెట్టి ప్రచారం చేసింది. అక్కడ తేడా గమనించండి. రైలు, భూమి రెండూ ఒకరి చేతుల్లోనే ఉన్నాయి కాబట్టి లైను తెచ్చిన విలువలో పెద్ద వాటా వాళ్ళకే దక్కింది. మనం కొనే టైముకి ఆ విలువ అమ్మేవాడు ధరలో కలిపేసి ఉంటాడు.

పైగా ఆలస్యం. లండన్ ఎలిజబెత్ లైను 2018 డిసెంబరులో తెరుస్తామన్నారు. తెరిచింది 2022 మే 24న. డబ్బూ, ఇంజనీర్లూ, ప్రభుత్వ పట్టుదలా అన్నీ ఉన్న చోటే మూడేళ్ళు దాటింది. ఆ మూడేళ్ళూ లైను వస్తుందన్న ధర పెట్టి కొన్నవాళ్ళకి పాత అద్దెలే వచ్చి ఉంటాయి, ఈఎంఐ మాత్రం మొదటి నెల నుంచే పూర్తిగా కట్టాలి.

ఎకరంకల:
లైను రాకముందే కొనాలి, వచ్చాక అందరూ కొంటారు. మీరు చెప్పేది వింటే జీవితాంతం అద్దెకే ఉండాలి.

లాంతరు:
రాకముందు కొనండి, కాదనను. రాని లైనుకి ధర కట్టకండి అంటున్నాను. ఆ లైను మాట పక్కన పెట్టి, ఇవాళ్టి బస్సు, ఇవాళ్టి రోడ్డు చూసి కూడా ఆ ధర సబబే అనిపిస్తే తీసుకోండి. లైను వస్తే అదనం.

మొదటితాళం:
బ్రోకరుని మళ్ళీ అడిగాను. పనులు ఎక్కడిదాకా వచ్చాయంటే "సర్వే అయిపోయింది సార్" అన్నాడు. భూసేకరణ గురించి అడిగితే మాట మార్చాడు. అరచేతిలో వైకుంఠం చూపిస్తున్నాడని ఇప్పుడు అర్థమైంది. సరే, పాత ఫ్లాటు వైపు మొగ్గుతున్నాను. కానీ పాత బిల్డింగ్ అంటే భయం.

సున్నంతడి:
బిల్డింగుల రిపేరు పనే నా వృత్తి. పాతది అని భయం అక్కర్లేదు, చూడటం తెలియాలి. వర్షం పడ్డ మర్నాడు వెళ్ళండి. ఎండాకాలంలో చూసిన ఫ్లాటుకి ఏ రోగమూ కనబడదు.

మొదట బాత్రూమ్ గోడకి అవతలి వైపు చూడండి. అంటే పడగ్గదిలో బీరువా పెట్టే గోడ. నేల నుంచి మోకాలి ఎత్తు దాకా పెయింటు పొక్కులు లేచి, చేత్తో రాస్తే తెల్లటి పొడి రాలుతుంటే నీళ్ళు లోపల నడుస్తున్నట్టే. ఆ ఒక్క గోడకే కొత్తగా రంగు వేసి ఉంటే ఇంకా అనుమానించాలి. పై అంతస్తు వాళ్ళ బాత్రూమ్ కింద మీ సీలింగ్ ఎలా ఉందో చూడండి. అక్కడ గోధుమ రంగు మరక గుండ్రంగా ఉండి, అంచు ముదురుగా ఉంటే చాలాసార్లు తడిసి ఆరిందని. రిపేరు ఖర్చు కంటే, పై వాళ్ళతో టైల్స్ తవ్వించడానికి ఒప్పించడం పెద్ద తలనొప్పి. వాళ్ళు ఒప్పుకోకపోతే మీ అద్దెవాళ్ళు ఖాళీ చేస్తారు.

తర్వాత అన్ని ట్యాపులూ ఒకేసారి విప్పి నీటి ధార చూడండి. మెయిన్ స్విచ్ బోర్డు తెరిచి చూడమనండి. కిటికీలు మూసి తెరవండి. స్లాబు కింద పెచ్చులూడి ఇనుప చువ్వ తుప్పు పట్టి కనబడితే ఇంజనీరు చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. లిఫ్ట్ పాతదైతే, మార్చాలన్నప్పుడు మీ వాటా ఎంతో అసోసియేషన్‌ని అడగండి. వాళ్ళ మీటింగు మినిట్స్ చదవనిస్తే ఇంకా మంచిది. నీళ్ళ గొడవ, డబ్బులు కట్టనివాళ్ళ పేర్లు, వాయిదా వేసిన పనులు అన్నీ అందులో ఉంటాయి. రిపేర్లకి పక్కన పెట్టిన నిధి సున్నా అయితే, రేపు ఆ బిల్లు పంచుకునేవాళ్ళలో మీరూ ఒకరు.

అద్దెకిచ్చే ఇంట్లో ఖరీదైన ఫిట్టింగులు పెట్టకండి. బజారులో స్పేర్ దొరికే ట్యాపు, తుడిస్తే పోయే పెయింటు, నీళ్ళు పడ్డా ఉబ్బని వంటింటి తలుపులు. అంతే.

ఇంటావిడ:
బాబూ, చాలాకాలంగా అద్దెకిస్తున్నాను కాబట్టి చెప్తున్నా. మీరంతా కొనడం దగ్గరే ఆగిపోయారు, అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది.

ఖాళీగా ఉన్న నెలే మీ శత్రువు. అద్దె 5 శాతం పెంచుతానని పట్టుబట్టి, మంచిగా ఉన్నవాళ్ళు వెళ్ళిపోయి, ఇల్లు ఒక నెల ఖాళీగా ఉందనుకోండి. పోయిన ఆ నెల అద్దె పెంచిన 5 శాతంతో తిరిగి రావడానికి 20 నెలలు పడుతుంది. మధ్యలో పెయింటు వేయిస్తే ఇంకా ఎక్కువ. టైముకి కట్టి, ఇల్లు శుభ్రంగా ఉంచుకునేవాళ్ళకి మార్కెట్ కంటే కాస్త తక్కువకి ఇచ్చినా నష్టం లేదు. మా ఎదురింటి ఓనరు ఇది వినడు, ఏటా బోర్డు కడుతుంటాడు.

శివారులో ఇంకో సంగతి. అద్దెవాళ్ళ ఉద్యోగం ఆఫీసు ఎక్కడుంటే అక్కడికి పోతుంది. మీ స్టేషన్ నుంచి వెళ్ళేవాళ్ళంతా ఒకే పెద్ద కంపెనీలో పనిచేస్తుంటే, ఆ ఆఫీసు మారితే వీధి వీధంతా ఖాళీ. ఒకే లైను మీద వేర్వేరు పనుల వాళ్ళు ఉండే చోటు చూసుకో. స్కూలు, ఆసుపత్రి దగ్గర్లో ఉంటే సిటీకి వెళ్ళనివాళ్ళు కూడా అడుగుతారు.

ఎవరికిచ్చినా ముందు వాళ్ళ పాత ఓనరుకి ఫోన్ చెయ్యి. ఇప్పుడున్న ఇంటి ఓనరు కాదు, అంతకుముందు ఇంటాయన. ఇప్పటాయన వాళ్ళని వదిలించుకోవాలనుకుంటే బంగారంలాంటి వాళ్ళంటాడు. వాళ్ళు దిగే రోజు ప్రతి గదీ ఫోన్లో వీడియో తీసి, మీటరు రీడింగులు రాసి, ఇద్దరూ సంతకం పెట్టండి. అడ్వాన్స్ తిరిగి ఇచ్చేటప్పుడు గొడవ లేకుండా ఉంటుంది. ఆ అడ్వాన్స్ డబ్బు వేరే ఖాతాలో పెట్టు నాన్నా, వాడేసుకోకు. చాలా దేశాల్లో దీని మీద చట్టాలే ఉన్నాయి.

రైలుపాసు:
అమ్మా, మీలాంటి ఓనరు మాకు దొరికితే కదా! నా పాత ఓనరు గీజరు బాగు చేయించమంటే చన్నీళ్ళు ఆరోగ్యానికి మంచివన్నాడు.

మొదటితాళం:
😀 పన్నుల గురించి కూడా ఎవరైనా చెప్తారా?

పైసాలెక్క:
మీ దేశం రూలు మీ ఆడిటర్ని అడగాలి, ఎందుకంటే తేడాలు చాలా పెద్దవి. ఇండియాలో అద్దె ఆదాయంలో మున్సిపల్ పన్ను తీసేశాక 30 శాతం, మీరు రిపేర్లకి ఖర్చు పెట్టినా పెట్టకపోయినా మినహాయిస్తారు. అమెరికాలో అద్దె ఇంటి కట్టడం విలువని 27.5 ఏళ్ళలో తరుగుదలగా, అంటే ఏటా కొంత చొప్పున ఖర్చుగా రాసుకోనిస్తారు, స్థలం విలువకి ఆ వీలు లేదు. బ్రిటన్‌లో ఒకప్పుడు లోన్ వడ్డీ మొత్తం ఆదాయంలోంచి తీసేసుకునేవాళ్ళు. 2017 నుంచి దాన్ని మెల్లగా తగ్గించి, 2020 కల్లా వ్యక్తిగత ఓనర్లకి 20 శాతం క్రెడిట్‌కి, అంటే వడ్డీలో 20 శాతం మేర పన్నులో తగ్గింపుకి కుదించారు. పెద్ద లోన్ల మీద నడిచే ఓనర్లకి లెక్క తారుమారైంది. ఈ ఏటి రూలు 20 ఏళ్ళూ ఉంటుందని అనుకుని కొనకండి.

లాంతరు:
అద్దె మీద కూడా అంతే. బెర్లిన్‌లో 2020 ఫిబ్రవరిలో చాలా ఇళ్ళ అద్దెల్ని 2019 జూన్ స్థాయిలో ఆపేస్తూ చట్టం తెచ్చారు. 2021 ఏప్రిల్‌లో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. ఆ మధ్యకాలంలో ఓనర్లకీ అద్దెవాళ్ళకీ ఇద్దరికీ టెన్షనే.

మొదటితాళం:
ఇంకో భయం. 2020 తర్వాత ఇంటి నుంచి పని వచ్చింది కదా. రోజూ రైలెక్కేవాళ్ళే తగ్గితే స్టేషన్ పక్కన ఒంటి గది ఫ్లాటుకి విలువ ఉంటుందా?

రైలుపాసు:
నేను ఇప్పుడు వారంలో సగం రోజులు ఇంట్లోనే. దాంతో నా అవసరాలు మారాయి. ఇంట్లో టేబుల్ వేసుకోవడానికి తలుపు మూసుకునే మూల కావాలి, ఇంటర్నెట్ నిలకడగా ఉండాలి. రోజూ వెళ్ళక్కర్లేదు కాబట్టి ఇంకాస్త దూరమైనా ఓర్చుకుంటా. అంటే స్టేషన్ పక్కన ఇరుకు గదికి కొంత గిరాకీ తగ్గొచ్చు, స్టేషన్ పక్కన చిన్న పని గది ఉన్న ఫ్లాటుకి పెరగొచ్చు. మీ ఫ్లాటులో బాల్కనీయో హాల్లో ఒక మూలో అలా మార్చే వీలుందా చూడండి.

మొదటితాళం:
వెళ్ళి చూసొచ్చాను, పని రోజున పొద్దున రద్దీ టైములో, మళ్ళీ వర్షం పడ్డాక. నడిచే దారి బాగుంది, ఫాస్ట్ రైళ్ళు ఆగుతున్నాయి. బాత్రూమ్ గోడ సున్నంతడి గారు చెప్పినట్టే ఉంది, కొత్త పెయింటుతో సహా. కింద ఫ్లాటు వాళ్ళు అద్దె చెప్పారు, బ్రోకరు చెప్పిన దానికంటే తక్కువ. అసలు అంకెలు పెడితే ధర మీద 5.5 శాతం దాకా వస్తోంది. పావు వంతు కాకుండా సగం దాకా సొంత డబ్బు పెట్టి, అది పోగయ్యేదాకా ఆగాలని నిర్ణయించుకున్నాను. ఒక్కటే ప్రశ్న: ఆ ఫ్లాటులో ఇప్పటికే అద్దెకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళతో సహా కొనొచ్చా, ఖాళీ చేయించి ఇమ్మనాలా?

ఇంటావిడ:
ముందు వాళ్ళ ఒప్పందం కాపీ, అద్దె కట్టిన బ్యాంకు స్టేట్‌మెంటు చూపించమను. నోటిమాట నమ్మకు. అడ్వాన్స్ ఎంత ఇచ్చారో వాళ్ళనే అడిగి, ఆ మొత్తం అమ్మేవాడు నీకు బదిలీ చేసేలా కాగితంలో రాయించు. లేకపోతే వాళ్ళు వెళ్ళేటప్పుడు నువ్వు ఇవ్వాల్సి వస్తుంది. టైముకి కడుతున్నవాళ్ళైతే ఉండనీ, మొదటి నెల నుంచే అద్దె వస్తుంది. కడుతున్నది బజారు రేటు కంటే మరీ ఎక్కువగా కనబడితే మాత్రం ఆగు, ధర పెంచి చూపించడానికి అమ్మేవాడు పెట్టించిన అద్దె కావచ్చు.

సున్నంతడి:
వాళ్ళు ఇంట్లో ఉండగానే ఆ గోడ గురించి అడగండి. ఎప్పటి నుంచి తడుస్తోందో అమ్మేవాడికంటే వాళ్ళకే తెలుసు. రిపేరు ఖర్చు కొటేషన్ తీసుకుని ధరలో తగ్గించమనండి, పై ఫ్లాటు వాళ్ళు పనికి ఒప్పుకుంటున్నట్టు రాతపూర్వకంగా వచ్చాకే అమ్మేవాడికి అడ్వాన్స్.